నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వచ్చినప్పుడు ఏ జార్‌ను పట్టుకోవాలి: జావాలో లైబ్రరీ వెర్షన్ల గొడవను తేల్చే విధానం

పెద్ద డేటాను అనేక యంత్రాల మీద నడిపే హడూప్ 3.2.1 ఉన్న యంత్రంలో, దాని మీద ఎస్‌క్యూఎల్ ప్రశ్నలు నడిపే హైవ్ 3.1.2ను పెట్టి, సెట్టింగులన్నీ చెప్పినవి చెప్పినట్టే సరిచేసి, టేబుళ్ల వివరాలు దాచే మెటాస్టోర్‌ను సిద్ధం చేసే స్కీమాటూల్‌ను నడిపితే, అది అసలు పని మొదలుపెట్టకముందే నోసచ్‌మెథడ్‌ఎర్రర్‌తో ఆగిపోతుంది. లేదని జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) చెబుతున్న మెథడ్ పేరు చెక్‌ఆర్గ్యుమెంట్. అది గూగుల్ వారి గువావా లైబ్రరీలో ప్రీకండిషన్స్ అనే క్లాసుకు చెందినది, దానిని పిలిచినది హడూప్‌లోని కాన్ఫిగరేషన్ క్లాసు. గువావా జార్‌ను (లైబ్రరీ క్లాసులన్నీ మూటకట్టిన ఫైలును) తెరిచి చూస్తే ఆ పేరుగల మెథడ్ కళ్ల ఎదుటే కనబడుతుంది. ఉన్నదానిని లేదంటున్న ఈ ఎర్రర్‌ను చూసి చాలామంది చేసే మొదటి పని, హైవ్ ఫోల్డర్‌లోని గువావా 19 జార్‌ను తీసేసి, హడూప్ ఫోల్డర్‌లోని గువావా 27 జార్‌ను అక్కడికి కాపీ చేయడం. ఈ సందర్భంలో ఆ చిట్కాతో స్కీమాటూల్ నడుస్తుంది కూడా. కానీ ఎందుకు నడిచిందో తెలియకపోతే, రేపు జాక్సన్, ప్రోటోబఫ్ వంటి మరో లైబ్రరీతో ఇదే గొడవ వచ్చినప్పుడు మళ్లీ చీకట్లో రాళ్లు విసరవలసి వస్తుంది.

ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఒక్క నియమం మీద నడుస్తుంది. ఏ వెర్షన్ లోడ్ అయి ఉంటుందో ఊహించకండి, నడుస్తున్న జేవీఎం ఆ క్లాసును నిజంగా ఏ ఫైలు నుంచి తెచ్చుకుందో ముందు దానినే అడగండి, ఆ జవాబు చేతికి వచ్చిన తరువాతే దేనినైనా మార్చండి. కమాండ్‌లను, క్లాసుల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను, టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాలి.

ఉన్న మెథడ్ ఎందుకు లేకుండా పోతుంది

అడుగులు మొదలుపెట్టే ముందు ఈ ఒక్క విషయం అర్థం చేసుకోవడం తప్పనిసరి. ఒక మెథడ్ పిలుపును బైట్‌కోడ్‌గా (జేవీఎం చదివే ఆదేశాలుగా) మార్చేటప్పుడు జావా కంపైలర్ దాని పేరు ఒక్కటే రాసుకోదు. ఆ మెథడ్ ఏ క్లాసులోనిది, ఏయే రకాల ఆర్గ్యుమెంట్లను ఏ వరుసలో తీసుకుంటుంది, ఏ రకాన్ని తిరిగి ఇస్తుంది అనే వివరాలన్నిటినీ క్లాస్ ఫైలులో నమోదు చేస్తుంది. ఆర్గ్యుమెంట్ల రకాలనూ తిరిగి ఇచ్చే రకాన్నీ కలిపి డిస్క్రిప్టర్ అంటారు. నడిచే సమయంలో జేవీఎం వెతికేది అక్షరాలా ఆ పేరూ ఆ డిస్క్రిప్టరూ ఉన్న మెథడ్‌నే తప్ప, దానికి దగ్గరగా సరిపోయే మరొక దానిని కాదు.

గువావా 19 వరకు, ఒక ఫార్మాట్ స్ట్రింగ్‌ను, దానిలో పూరించవలసిన విలువలను తీసుకునే చెక్‌ఆర్గ్యుమెంట్ ఒక్కటే ఉండేది. అది ఒక బూలియన్‌ను, ఒక స్ట్రింగ్‌ను, ఎన్ని విలువలైనా పట్టే ఒక ఆబ్జెక్ట్ అర్రేను తీసుకుంటుంది. ప్రతి పిలుపుకూ ఒక అర్రేను సృష్టించే ఖర్చు తప్పించడానికి, గువావా 20లో ఒకటి రెండు విలువలను నేరుగా తీసుకునే రూపాలను అదే పేరుతో అదనంగా చేర్చారు. హడూప్ 3.2.1ను గువావా 27తో కంపైల్ చేశారు. నేరుగా సరిపోయే రూపం ఉన్నప్పుడు కంపైలర్ అర్రే తీసుకునే రూపం జోలికి పోదు, కాబట్టి హడూప్ బైట్‌కోడ్‌లో బూలియన్, స్ట్రింగ్, ఒకే ఒక్క ఆబ్జెక్ట్ అనే డిస్క్రిప్టర్ పడింది. హైవ్‌ను నడిపినప్పుడు దాని ఫోల్డర్‌లోని గువావా 19 ముందుగా లోడ్ అవుతుంది, దానిలో ఆ రూపం లేదు, అర్రే తీసుకునేది మాత్రమే ఉంది. సోర్స్ కోడ్ రెండు వెర్షన్లతోనూ చక్కగా కంపైల్ అవుతుంది, ఒకదానితో కంపైల్ చేసి మరొకదానితో నడిపినప్పుడే దెబ్బతింటుంది.

తిరిగి ఇచ్చే రకం కూడా డిస్క్రిప్టర్‌లో భాగమే కనుక, ఈ చిక్కు లైబ్రరీలకే కాదు, జావా సొంత క్లాసులూ సాధనాలూ ఉన్న జేడీకేకూ తప్పలేదు. బైట్‌బఫర్‌లోని ఫ్లిప్ మెథడ్ జావా 8 వరకు బఫర్ అనే రకాన్ని తిరిగి ఇచ్చేది, జావా 9 నుంచి బైట్‌బఫర్‌నే ఇస్తుంది. కొత్త జేడీకేతో, సోర్స్, టార్గెట్ ఆప్షన్లు 8కి పెట్టి కంపైల్ చేసిన కోడ్ జావా 8 మీద ఫ్లిప్ దగ్గర నోసచ్‌మెథడ్‌ఎర్రర్‌తో పడిపోయిన ప్రాజెక్టులు అందుకే ఉన్నాయి. ఆ రెండు ఆప్షన్లకు బదులు ‘--రిలీజ్ 8’ ఇస్తే కంపైలర్ జావా 8 నాటి క్లాసుల పట్టికనే చూస్తుంది, ఆ సమస్య పుట్టదు.

మొదటి అడుగు: ఎర్రర్ పేరును, దాని కింది పంక్తిని శ్రద్ధగా చదవండి

వెర్షన్ల గొడవ ఎప్పుడూ ఒకే ముఖంతో రాదు, అయితే ముఖాన్ని బట్టి కారణం చాలావరకు తెలిసిపోతుంది. నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వస్తే, క్లాసు దొరికింది కానీ కంపైల్ అయిన నాటి మెథడ్ దానిలో లేదని అర్థం. నోసచ్‌ఫీల్డ్‌ఎర్రర్‌దీ అదే కథ. ఇల్లీగల్‌యాక్సెస్‌ఎర్రర్ అయితే మెథడ్ ఉంది, కానీ ఒకప్పుడు పబ్లిక్‌గా ఉన్నది ఇప్పుడు కాదు. గువావా 17లో స్టాప్‌వాచ్ కన్‌స్ట్రక్టర్‌ను పబ్లిక్ కాకుండా చేసినప్పుడు, పాత గువావాతో కంపైల్ అయిన హెచ్‌బేస్ డేటాబేస్ కోడ్ ఈ ఎర్రర్‌తోనే కూలింది. ఇటరేటర్స్ క్లాసులోని ఎంప్టీఇటరేటర్ 20లో అదే దారి పట్టింది. అబ్‌స్ట్రాక్ట్‌మెథడ్‌ఎర్రర్ కనబడితే, ఒక ఇంటర్‌ఫేస్‌కు కొత్త వెర్షన్‌లో మెథడ్ చేరిందని, దానిని అమలుచేసే క్లాసు మాత్రం పాత వెర్షన్‌తో తయారైందని చూడాలి.

క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్‌ను, నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్‌ను చాలామంది ఒకటే అనుకుంటారు. మొదటిది, క్లాస్ డాట్ ఫర్‌నేమ్ వంటి పిలుపుతో పేరు చెప్పి అడిగినప్పుడు ఆ క్లాసు దొరకలేదని చెబుతుంది. రెండవది, కంపైల్ అయినప్పుడు ఉన్న క్లాసు ఇప్పుడు లేదని చెబుతుంది. అయితే రెండవ దాని సందేశంలో ‘కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్’ అన్న మాటలు ఉంటే ఆ క్లాసు కోసం జార్‌లన్నీ వెతకకండి, అది దొరికింది. దాని స్టాటిక్ బ్లాకు అంతకుముందు ఎక్కడో విఫలమైంది కనుక జేవీఎం దానిని పక్కన పెట్టింది. లాగ్‌లో పైకి వెళ్లి ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్ మొదటిసారి ఎక్కడ వచ్చిందో చూస్తే అసలు కారణం అక్కడే దొరుకుతుంది.

ఎర్రర్ సందేశంలోని డిస్క్రిప్టర్‌ను కూడా చదవడం అలవాటు చేసుకోండి. పాత జావాలలో అది సంకేత రూపంలో ఉంటుంది: బ్రాకెట్లలోని జెడ్ అంటే బూలియన్, ఎల్‌తో మొదలై సెమికోలన్‌తో ముగిసేది ఒక క్లాసు పేరు, ముందు చదరపు బ్రాకెట్ ఉంటే అర్రే, చివరి వీ అంటే ఏదీ తిరిగి ఇవ్వదని. గువావా ఉదాహరణలో కావలసినదానికీ ఉన్నదానికీ తేడా ఆ ఒక్క చదరపు బ్రాకెట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇవన్నీ, క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ తప్ప, ఎర్రర్ వంశానికి చెందినవి కనుక, ఎక్సెప్షన్‌ను పట్టుకునే క్యాచ్ బ్లాకులకు చిక్కవు. పనులను వేరే థ్రెడ్‌లో నడిపే ఎగ్జిక్యూటర్‌కు సబ్మిట్ చేసిన పనిలో ఇటువంటి ఎర్రర్ వస్తే అది ఫలితాన్ని దాచే ఫ్యూచర్ లోపల కూర్చుంటుంది, ఎవరూ గెట్ పిలవకపోతే లాగ్‌లో ఒక్క పంక్తి కూడా పడదు. షెడ్యూల్డ్ ఎగ్జిక్యూటర్‌లో నిర్ణీత వ్యవధికి ఒకసారి నడవవలసిన పని అయితే, ఆ ఎర్రర్ తరువాత ఇక ఎప్పటికీ నడవదు. ‘రాత్రి పని ఆగిపోయింది, లాగ్‌లో ఏమీ లేదు’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, ఆ పని మొత్తాన్ని థ్రోవబుల్‌ను పట్టుకునే క్యాచ్‌లో చుట్టి ఒకసారి నడిపి చూడండి.

రెండవ అడుగు: క్లాసు ఎక్కడి నుంచి వచ్చిందో జేవీఎంను అడగండి

జావా 9, ఆ తరువాతి వెర్షన్లలో ‘-ఎక్స్‌లాగ్:క్లాస్+లోడ్=ఇన్ఫో’ అనే ఆప్షన్‌తో ప్రోగ్రామ్‌ను మొదలుపెడితే, లోడ్ అయిన ప్రతి క్లాసు పేరు, దాని పక్కన సోర్స్ అనే మాట తరువాత అది వచ్చిన జార్ పూర్తి మార్గం లాగ్‌లో పడతాయి. జావా 8లో అదే పనికి ‘-వెర్బోస్:క్లాస్’ ఉంది, అక్కడ ‘ఫ్రమ్’ అన్న మాట తరువాత ఫైలు మార్గం కనబడుతుంది. వేల పంక్తులు వస్తాయి కనుక ఫైలులోకి మళ్లించి, అనుమానం ఉన్న క్లాసు పేరుతో గ్రెప్ చేయండి, అంటే ఆ పేరున్న పంక్తులను వెతకండి. హైవ్ ఉదాహరణలో ప్రీకండిషన్స్ కోసం గ్రెప్ చేస్తే హైవ్ లిబ్ ఫోల్డర్‌లోని గువావా 19 జార్ పేరు బయటపడుతుంది, అక్కడితో ఊహాగానాలకు తెరపడుతుంది.

స్టార్టప్ ఆప్షన్లను మార్చే అధికారం మీకు లేని చోట, కోడ్‌లోనే అడగవచ్చు. క్లాస్ ఆబ్జెక్ట్ మీద గెట్‌ప్రొటెక్షన్‌డొమైన్, దాని మీద గెట్‌కోడ్‌సోర్స్, దాని మీద గెట్‌లొకేషన్ పిలిస్తే జార్ చిరునామా వస్తుంది. జావాకు చెందిన మూల క్లాసులకు కోడ్‌సోర్స్ నల్ కావచ్చు, కనుక ఆ పరీక్ష పెట్టుకోవాలి. స్టార్టప్‌లో ముఖ్యమైన ఐదారు లైబ్రరీలకు ఈ సమాచారాన్ని లాగ్‌లో రాసే చిన్న కోడ్‌ను నేను ప్రతి సర్వీసులోనూ పెడతాను. దానివల్ల సర్వర్‌లో అర్ధరాత్రి వచ్చే చాలా ప్రశ్నలకు లాగే జవాబు చెబుతుంది.

ఇప్పటికే నడుస్తున్న ప్రాసెస్ ఏ క్లాస్‌పాత్‌తో (జేవీఎం క్లాసులు వెతికే చోట్ల వరుసతో) మొదలైందో తెలియకపోతే, జేసీఎండీ కమాండ్‌కు ప్రాసెస్ నంబరు, ‘వీఎం.కమాండ్_లైన్’ ఇచ్చి చూడండి. స్టార్టప్ స్క్రిప్టులో ఉన్నదీ, నిజంగా నడిచినదీ ఒకటే అని నమ్మవద్దు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మధ్యలో దూరి వరుసను మార్చిన సందర్భాలు తరచుగా ఎదురవుతాయి.

మూడవ అడుగు: ఆ క్లాసు ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టండి

లోడ్ అయిన జార్ దొరికింది. ఇప్పుడు అదే క్లాసు ఇంకెక్కడ ఉందో చూడాలి. క్లాసులను వెతికి తెచ్చే క్లాస్‌లోడర్ మీద గెట్‌రిసోర్సెస్‌ను, క్లాసు పేరులోని చుక్కలకు బదులు ఏటవాలు గీతలు పెట్టి, చివర డాట్‌క్లాస్ చేర్చి పిలిస్తే, ఆ లోడర్‌కు కనబడే కాపీలన్నీ వరుసగా వస్తాయి. గెట్‌రిసోర్స్ అయితే మొదటిదే ఇస్తుంది, అందుకే బహువచనం ఉన్నదానినే వాడాలి. ఫైళ్ల స్థాయిలో వెతకాలంటే, ఫోల్డర్‌లోని ప్రతి జార్ మీద ‘జార్ టీఎఫ్’ నడిపి వచ్చిన జాబితాలో క్లాసు పేరును వెతికే రెండు పంక్తుల షెల్ లూప్ చాలు.

జార్ ఫైలు పేరును చూసి వెతికితే మోసపోతారు. కొన్ని జార్‌లు ఇతర లైబ్రరీల క్లాసులను తమ కడుపులో పెట్టుకుని వస్తాయి. హైవ్-ఎగ్జెక్ ఈ విషయంలో పేరు మోసినది. మరికొన్ని చోట్ల లైబ్రరీ పేరు మారినా ప్యాకేజీ పేరు మారలేదు. గువావా రాకముందు గూగుల్-కలెక్షన్స్ అనే జార్ ఉండేది, దానిలోని ప్యాకేజీలే గువావాలోకి వచ్చాయి, కనుక రెండూ క్లాస్‌పాత్‌లో ఉంటే, కావలసిన లైబ్రరీలను సమకూర్చే బిల్డ్ సాధనం మావెన్‌కు అవి సంబంధం లేని రెండు డిపెండెన్సీలు, జేవీఎంకు మాత్రం ఒకే క్లాసుకు రెండు కాపీలు. మావెన్ రిపోర్టు శుభ్రంగా ఉంది కాబట్టి గొడవ లేదనుకునేవారు తరచుగా బోల్తాపడేది ఇక్కడే. దీనికి భిన్నంగా, కామన్స్-లాంగ్ తన మూడవ తరానికి ప్యాకేజీ పేరునే మార్చుకుంది, అందువల్ల పాతదీ కొత్తదీ ఒకే అప్లికేషన్‌లో తగవు లేకుండా ఉండగలవు. లైబ్రరీ రాసేవారు పాతదానితో పొసగని మార్పులు చేసేటప్పుడు అనుసరించవలసిన మర్యాద అదేనని నా అభిప్రాయం.

డిప్లాయ్‌మెంట్ ఫోల్డర్‌ను కూడా ఒకసారి కళ్లతో చూడండి. కొత్త జార్‌లను పాతవాటి మీద కాపీ చేసే స్క్రిప్టు, పేరులో వెర్షన్ ఉన్న పాత జార్‌ను తొలగించదు, అది కొత్తదాని పక్కనే కూర్చుని ఉంటుంది. ‘పాతది’ అని గుర్తుగా ఫైలు పేరు మధ్యలో ఏదో చేర్చి, చివర డాట్‌జార్‌ను అలాగే వదిలేసినవారిని చూశాను. నక్షత్రం గుర్తుతో ఇచ్చిన క్లాస్‌పాత్‌కు చివరి డాట్‌జార్ ఒక్కటే ముఖ్యం కనుక ఆ పాతది మళ్లీ లోడ్ అయ్యింది.

నాలుగవ అడుగు: ఆ కాపీని ఎవరు ఎంచుకున్నారో తేల్చండి

ఒకే లోడర్ కింద రెండు కాపీలు ఉంటే, క్లాస్‌పాత్ వరుసలో ముందున్నదే గెలుస్తుంది. రెండవదాన్ని జేవీఎం చూడనే చూడదు, హెచ్చరించదు కూడా. క్లాస్‌పాత్‌లో ఫోల్డర్ పేరు తరువాత నక్షత్రం గుర్తు పెట్టినప్పుడు ఆ ఫోల్డర్‌లోని జార్‌లు ఏ వరుసలో వస్తాయో జావా నిర్దేశించలేదు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి మరొకదానికే కాదు, ఒకే యంత్రంలో సమయాన్ని బట్టి కూడా ఆ వరుస మారవచ్చని జావా డాక్యుమెంటేషనే చెబుతోంది. ‘నా ల్యాప్‌టాప్‌లో నడిచింది, సర్వర్‌లో నడవలేదు’ అనే మాటకు ఇది ఒక నిజమైన కారణం. నేను ఒకసారి రెండు ఒకేలాంటి సర్వర్లలో ఒకటి నడిచి మరొకటి పడిపోతుంటే నెట్‌వర్క్‌ను అనుమానించి ఒక రోజంతా వృథా చేశాను, చివరికి తేడా ఫోల్డర్‌లోని ఫైళ్ల వరుసలో తేలింది.

దీనికి తోడు, హాట్‌స్పాట్ జేవీఎం మెథడ్ పిలుపును ఆ పంక్తి మొదటిసారి నడిచినప్పుడే అసలు మెథడ్‌కు ముడిపెడుతుంది. అందువల్ల తప్పు వెర్షన్ లోడ్ అయినా అప్లికేషన్ హాయిగా మొదలై, నెలాఖరున మాత్రమే నడిచే రిపోర్టు దగ్గర కూలవచ్చు. స్టార్టప్ బాగా జరిగిందన్నది వెర్షన్లు సరిపోయాయనడానికి రుజువు కాదు.

బిల్డ్ సాధనం దగ్గర ఎంపిక ఎలా జరిగిందో తెలుసుకోవడానికి, మావెన్‌లో ‘ఎంవీఎన్ డిపెండెన్సీ:ట్రీ’ని వెర్బోస్ ఆప్షన్‌తో నడపండి. ఓడిపోయిన వెర్షన్ల పక్కన, గొడవ వల్ల వదిలేసినట్టు రాసి ఉంటుంది. మావెన్ నియమం చాలామంది అనుకునేదానికి భిన్నమైనది: అది పెద్ద వెర్షన్‌ను ఎంచుకోదు, మీ ప్రాజెక్టుకు చెట్టులో దగ్గరగా ఉన్నదానిని ఎంచుకుంటుంది, ఇద్దరూ ఒకే దూరంలో ఉంటే, మావెన్ సెట్టింగులుండే పామ్ ఫైలులో ముందు రాసిన డిపెండెన్సీ ద్వారా వచ్చినదానికి పట్టం కడుతుంది. మీరు నేరుగా వాడే ఒక లైబ్రరీ గువావా 19ను తెస్తూ, మరొక లైబ్రరీకి కింద ఉన్న ఇంకొక లైబ్రరీ గువావా 31ను కోరితే, గెలిచేది 19. పామ్‌లో రెండు డిపెండెన్సీల వరుసను ‘అందంగా’ సర్దినందుకు ప్రొడక్షన్ పడిపోవడం ఈ నియమం వల్ల సాధ్యమే. గ్రాడిల్ అనే మరో బిల్డ్ సాధనం దీనికి వ్యతిరేకంగా, అడిగిన వెర్షన్లలో అన్నిటికంటే పెద్దదానిని ఎంచుకుంటుంది. దానిలో ‘డిపెండెన్సీఇన్‌సైట్’ టాస్క్‌కు లైబ్రరీ పేరు, ‘రన్‌టైమ్‌క్లాస్‌పాత్’ కాన్ఫిగరేషన్ ఇస్తే, ఏది ఎందుకు గెలిచిందో కారణంతో సహా చెబుతుంది. మావెన్ నుంచి గ్రాడిల్‌కు మారిన ప్రాజెక్టులో కోడ్ ఏమీ మార్చకపోయినా కొత్త ఎర్రర్లు పుట్టడానికి ఈ తేడాయే కారణం కావచ్చు.

లోడర్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే

సాధారణ జావా ప్రోగ్రామ్‌లో బూట్‌స్ట్రాప్, ప్లాట్‌ఫామ్, అప్లికేషన్ అనే మూడు లోడర్లు ఉంటాయి, ప్రతిదీ తాను వెతకడానికి ముందు తన పై లోడర్‌ను అడుగుతుంది. వెబ్ అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్‌లో మాత్రం వెబ్ అప్లికేషన్ లోడర్ జేడీకే క్లాసులను, సర్వ్‌లెట్ ఏపీఐ వంటివాటిని మినహాయించి, ముందు తన వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్లలో, అక్కడా క్లాసెస్‌లో మొదట, లిబ్‌లో తరువాత వెతికి, దొరకకపోతేనే పైవారిని అడుగుతుంది. పెద్ద డేటా పనులు నడిపే స్పార్క్‌లో మీ జార్‌లకు ప్రాధాన్యం ఇచ్చే ‘యూజర్‌క్లాస్‌పాత్‌ఫస్ట్’ సెట్టింగు కూడా ఇటువంటిదే, అది ప్రయోగాత్మకమని వారే చెబుతారు.

ఇలా పిల్ల లోడర్ ముందుగా వెతికే చోట కొత్త రకం చిక్కు పుడుతుంది. ఒకే ఊళ్లో ఇద్దరు సుబ్బారావులు ఉంటే మనం ఇంటిపేరుతో వారిని వేరుచేస్తాం. జేవీఎంకు ఒక క్లాసు ఇంటిపేరు దానిని నిర్వచించిన లోడర్. ఒకే జార్‌లోని ఒకే క్లాసును రెండు లోడర్లు విడివిడిగా లోడ్ చేస్తే, జేవీఎం దృష్టిలో అవి సంబంధం లేని రెండు రకాలు. అందుకే ‘ఫలానా క్లాసును అదే ఫలానా క్లాసుగా మార్చలేము’ అని క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ వస్తుంది, అది చదివినవారికి జేవీఎంకు మతిపోయిందేమో అనిపిస్తుంది. కొత్త జావాలలో ఆ సందేశంలోనే రెండు లోడర్ల పేర్లూ ఉంటాయి, వాటిని చదివితే చాలు. పాతవాటిలో రెండు ఆబ్జెక్టుల మీదా గెట్‌క్లాస్, గెట్‌క్లాస్‌లోడర్ పిలిచి పోల్చాలి. పరిష్కారం సాధారణంగా సులువు: రెండు వైపులా మారకం జరిగే క్లాసులున్న జార్ పై లోడర్ దగ్గర మాత్రమే ఉండాలి, మీ ప్యాకేజీలో దానిని మావెన్ ‘ప్రొవైడెడ్’ స్కోప్‌లో పెట్టి, కంపైల్‌కు వాడుకుని, వెంట తీసుకువెళ్లకుండా వదిలేయాలి.

అయిదవ అడుగు: ఒక వెర్షన్‌ను ఎంచుకుని స్థిరపరచండి

ఇప్పుడు మార్చే సమయం వచ్చింది. మొదటి మార్గం, అందరికీ సరిపోయే ఒక వెర్షన్‌ను ఎంచుకోవడం. సాధారణంగా అడిగినవాటిలో పెద్దది ఎంచుకోవాలి, ఎందుకంటే లైబ్రరీలు మెథడ్‌లను చేర్చినంత తరచుగా తీసివేయవు. అయినా లైబ్రరీ అలవాటును తెలుసుకోవాలి. గువావా వారు, బీటా (ఇంకా మారవచ్చు) గుర్తు లేని మెథడ్‌లను తొలగించిన చివరి వెర్షన్ 21 అని ప్రకటించారు. కనుక 21 దాటినవాటి మధ్య పైకి వెళ్లడం చాలావరకు క్షేమం, 19 నుంచి 27కు దూకడం మాత్రం రెండు వైపులా పరీక్షించవలసిన పని. హైవ్ ఫోల్డర్‌లో జార్‌ను మార్చిన చిట్కాలోని ప్రమాదం అదే. హడూప్‌కు కావలసిన మెథడ్ వచ్చింది నిజమే, కానీ హైవ్‌తో పాటు వచ్చిన జార్‌లలో 19 నాటి మెథడ్‌ను కోరేది ఏదైనా ఉంటే అది ఆ దారి నడిచిన రోజునే బయటపడుతుంది. రెండు జార్‌ల మధ్య ఏయే పబ్లిక్ మెథడ్‌లు పోయాయో జాపిసీఎంపీ వంటి సాధనంతో పోల్చి చూడవచ్చు, ఒక్క క్లాసే అనుమానమైతే ‘జావాపీ -ఎస్’ చాలు, అది డిస్క్రిప్టర్లతో సహా మెథడ్‌లను చూపుతుంది.

ఎంచుకున్న వెర్షన్‌ను మావెన్‌లో డిపెండెన్సీమేనేజ్‌మెంట్ విభాగంలో రాయండి. చెట్టులో ఎంత లోతున ఉన్న డిపెండెన్సీకైనా అది వర్తిస్తుంది, దూరం నియమం ఇక లెక్కలోకి రాదు. జాక్సన్ వంటి అనేక జార్‌ల కుటుంబానికి ఒక్కొక్కదాని వెర్షన్ విడిగా రాయకుండా, వారు ఇచ్చే బామ్‌ను (ఒకదానికొకటి సరిపోయే వెర్షన్ల జాబితాను) ఇంపోర్ట్ చేసుకోండి. కోర్ ఒక వెర్షన్, డేటాబైండ్ మరొకటి అయితే కొట్టుకోవడం ఖాయం. గ్రాడిల్‌లో ఇదే పనికి కన్‌స్ట్రెయింట్స్, ప్లాట్‌ఫామ్ ఉన్నాయి. ఎక్స్‌క్లూజన్‌లను (ఒక డిపెండెన్సీని తేవద్దని చెప్పే పంక్తులను) మాత్రం, గూగుల్-కలెక్షన్స్ వంటి పేరు మార్చుకున్న జార్‌లను బయటికి పంపడానికే ఉంచుకోండి. వెర్షన్ సరిచేయడానికి వాటిని వాడితే, ఏడాది తరువాత పామ్‌లో ఇరవై ఎక్స్‌క్లూజన్‌లు చేరి, ఏది ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు.

లాగింగ్ లైబ్రరీ ఎస్‌ఎల్‌ఎఫ్‌4జే దగ్గర మాత్రం ‘పెద్దది ఎంచుకోవడం’ ఒంటరిగా చేయకూడదు. దాని ఏపీఐ 2.0 నుంచి లాగింగ్ అమలును సర్వీస్‌లోడర్ ద్వారా వెతుకుతుంది, 1.7 నాటి పద్ధతిని చూడదు. ఏపీఐని ఒక్కదానినే 2.0కు పెంచి దాని లాగింగ్ అమలైన లాగ్‌బ్యాక్ 1.2ను అలాగే ఉంచితే, కూలిపోయేది ఏమీ ఉండదు, లాగ్‌లు మాత్రం మాయమవుతాయి. ప్రొవైడర్లు దొరకలేదన్న హెచ్చరిక స్టార్టప్‌లో కనబడుతుంది, దానిని చూడనివారికి అది కూడా లేదు.

రెండు వైపులా పొసగే వెర్షన్ నిజంగా లేనప్పుడే షేడింగ్‌కు వెళ్లండి. మావెన్ షేడ్ ప్లగిన్‌లో రీలొకేషన్ పెడితే, ఒక లైబ్రరీ కాపీని మీ జార్‌లోకి తెచ్చి, దాని ప్యాకేజీ పేరునూ దానిని పిలిచే బైట్‌కోడ్‌నూ మార్చేస్తుంది. హడూప్ 3.3.1 చేసింది ఇదే: తన గువావాను తనదైన థర్డ్‌పార్టీ ప్యాకేజీ పేరు కిందికి మార్చుకుని, వాడుకరుల గువావాతో తగవు తెంచుకుంది. అయితే ప్రోగ్రామ్ నడుస్తూ ముక్కలు అతికి తయారుచేసే క్లాసు పేర్లను షేడింగ్ పసిగట్టలేదు, సర్వీసెస్ ఫోల్డర్‌లోని ఫైళ్లకు సర్వీసెస్ ట్రాన్స్‌ఫార్మర్‌ను మీరు విడిగా చేర్చాలి. మీ లైబ్రరీ పబ్లిక్ మెథడ్‌లు బయటివారికి ఇచ్చే రకాలను ఎన్నడూ రీలొకేట్ చేయకండి, ఎందుకంటే మీ మెథడ్ ఇచ్చిన ఇమ్యూటబుల్‌లిస్ట్ వారి ఇమ్యూటబుల్‌లిస్ట్ కాకుండా పోతుంది. జావా 9 మాడ్యూల్ వ్యవస్థ ఈ సమస్యను తీరుస్తుందన్న ఆశ కొందరిలో ఉంది, కానీ ఒకే మాడ్యూల్‌కు రెండు వెర్షన్లను పక్కపక్కన నడపడం దాని లక్ష్యాల్లోనే లేదు.

ఆరవ అడుగు: తిరిగి అడగండి, తలుపు మూయండి

మార్పు చేసిన తరువాత ఎర్రర్ పోయిందని సంతోషించి ఆగకుండా, రెండవ అడుగును మళ్లీ నడపండి. క్లాసు మీరు అనుకున్న జార్ నుంచే వస్తున్నదని లాగ్‌లో చూసిన తరువాతే పని అయినట్టు లెక్క. మూడవ అడుగును కూడా తిరిగి చేసి, కాపీల సంఖ్య ఒకటికి వచ్చిందో లేదో చూడండి. ఒకటికి రాకపోతే, గొడవ తీరలేదు, వరుస అదృష్టవశాత్తూ మీకు అనుకూలంగా పడింది.

ఆపై బిల్డ్‌లోనే కాపలా పెట్టండి. మావెన్ ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో డిపెండెన్సీకన్వర్జెన్స్ అనే నియమం ఏ చిన్న తేడా వచ్చినా బిల్డ్‌ను ఆపుతుంది. పెద్ద ప్రాజెక్టులో మొదటి రోజే దీనిని పెడితే వందల ఫిర్యాదులు వచ్చి, మీ బృందం దానిని రెండవ రోజే తీసేస్తుంది. అందువల్ల రిక్వైర్‌అప్పర్‌బౌండ్‌డెప్స్ నియమంతో మొదలుపెట్టమని నా సలహా, ఎవరైనా కోరినదానికంటే చిన్న వెర్షన్ గెలిచినప్పుడే అది అడ్డుపడుతుంది, నిజంగా కూలిపోయే సందర్భాలు చాలావరకు అవే. పేరు మారిన జార్‌లలోని జంట క్లాసులను పట్టడానికి, అదనపు నియమాల ప్యాకేజీలో దొరికే బాన్‌డూప్లికేట్‌క్లాసెస్‌ను దానికి జతచేయండి. గ్రాడిల్‌లో ‘ఫెయిల్‌ఆన్‌వెర్షన్‌కాన్‌ఫ్లిక్ట్’ ఉంది, అది కూడా మొదటిదానిలాగే కఠినమైనది.

డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులో, కాపీ చేసే పంక్తికి ముందు లిబ్ ఫోల్డర్‌ను ఖాళీ చేసే పంక్తిని చేర్చండి. నక్షత్రం గుర్తు క్లాస్‌పాత్‌ను తీసివేయలేని పరిస్థితి ఉంటే, బిల్డ్‌లోనే జార్‌ల వరుసను ఒక ఫైలులో రాసి, స్టార్టప్‌లో ఆ ఫైలు నుంచే క్లాస్‌పాత్‌ను నిర్మించండి, అప్పుడు మీ ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే జార్ ముందుంటుంది.